ట్రాలీ తోసేవాళ్ళేనా? క్యాబిన్ క్రూ గురించి కాస్త మాట్లాడుకుందాం

కాకినాడ_కబుర్లు:
మే 31 ఫ్లైట్ అటెండెంట్ల దినోత్సవం అని మా వాట్సాప్ గ్రూపులో ఎవరో పెడితే, కింద ఒక పెద్దమనిషి "ట్రేలు మోసేవాళ్ళకి కూడా ఒక రోజా, రేపు ఆర్టీసీ కండక్టర్లకీ పెట్టండి" అని రాశాడు. దానికి నవ్వుల బొమ్మలు బారులు తీరాయి. (కండక్టర్లకి పెడితే తప్పేంటో నాకు అర్థం కాలేదు, అది వేరే సంగతి.) అక్కడ వాదించి లాభం లేదని ఇక్కడ మొదలుపెడుతున్నా.

నీరజా భనోత్ పేరు అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా చెప్తా. 1986 సెప్టెంబర్ 5న బొంబాయి నుంచి వచ్చిన పాన్ యామ్ 73 కరాచీలో ఆగి ఉండగా, సెక్యూరిటీ యూనిఫాంలు వేసుకున్న నలుగురు తుపాకులతో ఎక్కారు. క్రూ వెంటనే కాక్‌పిట్‌కి కబురందించడంతో పైలట్లు పైకప్పు దారిలోంచి దిగిపోయారు, విమానం లేవకుండా నేల మీదే ఉండిపోయింది. ఇక లోపలున్న మూడొందల యాభై మందికి పైగా జనానికి పెద్ద దిక్కు సీనియర్ పర్సర్, అంటే క్యాబిన్ క్రూకి పెద్ద అయిన నీరజే. ఇంకో రెండు రోజులైతే ఆమెకి 23 నిండేవి. దాదాపు పదిహేడు గంటల పాటు తిండి, నీళ్ళు అందిస్తూ, వాళ్ళు పాస్‌పోర్టులు తెమ్మంటే అమెరికావి కనపడకుండా దాచేస్తూ నెట్టుకొచ్చారు. రాత్రికి విమానంలో కరెంటు అయిపోయి చీకటి పడగానే కాల్పులు మొదలయ్యాయి. తలుపు తీసింది ఆమే, ముందు తనే దూకేయొచ్చు. జనాన్ని దింపుతూ, పిల్లలకి అడ్డు నిలబడి తూటా తిన్నది. అశోక చక్ర ఇచ్చారు, అది అందుకున్న మొదటి మహిళ ఆమే. పాకిస్తాన్ కూడా పతకం ఇచ్చింది. 2004లో తపాలా బిళ్ళ వచ్చింది.

మనం అందరం అక్కడే ఆగిపోతున్నాం అనేదే నా బాధ. ఇంకెవరి గురించైనా తెలిస్తే రాయండి. ఇప్పుడు పని చేస్తున్నవాళ్ళ గురించి అయినా సరే.

సికింద్రాబాద్_శీను:
అన్నా మంచి థ్రెడ్. ఒక్క మాట కలుపుతా. ఆ కరాచీ విమానంలో నీరజ ఒక్కతే లేదు. పాస్‌పోర్టులు సీట్ల కింద తోసేసిన వాళ్ళలో మిగతా అమ్మాయిలూ ఉన్నారు. కాల్పులు ఆగాక, బయటపడ్డ క్రూలో ఇద్దరు మళ్ళీ లోపలికి ఎక్కారు, ఇంకా ఎవరైనా మిగిలారేమో చూద్దామని. గాయంతో ఉన్న నీరజని స్లైడ్ దాకా తెచ్చింది వాళ్ళే. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్ళ దాకా వాళ్ళు బయట పెద్దగా మాట్లాడలేదు. చనిపోయినవాళ్ళకి బిళ్ళ వేస్తాం, బతికి ఆ రాత్రిని మోస్తున్నవాళ్ళని మర్చిపోతాం.

నిజం_నిష్ఠూరం:
అందరూ ఏడవడం మొదలుపెట్టే ముందు ఒక అడ్డం మాట. నీరజ వీరవనిత, కాదనేవాడు లేడు. కానీ లక్షల మంది చేసే ఉద్యోగం మొత్తాన్ని పట్టుకుని "సేవ, త్యాగం" అనడం అతి. జీతం తీసుకుంటున్నారు, ఫారిన్ చూస్తున్నారు, ఫైవ్ స్టార్ హోటల్లో పడుకుంటున్నారు. గనుల్లో దిగేవాడికి, కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్‌కి ఎవరు దినోత్సవం చేస్తున్నారు? పైగా నేను ఎక్కిన చాలా ఫ్లైట్లలో నీళ్ళు అడిగితే మొహం మాడ్చుకుని ఇచ్చినవాళ్ళే ఎక్కువ.

పాత_జంప్‌సీట్:
నిష్ఠూరం గారూ, నేను చాలా ఏళ్ళు ఎగిరి మానేసినదాన్ని, ఏ కంపెనీయో చెప్పను. మీకు కోపం లేకుండానే జవాబు చెప్తాను, ఎందుకంటే మీ మాటలో సగం మా క్రూ రూములో మేము అనుకునేదే.

త్యాగం అనే మాట మాకూ ఇబ్బందే. ఆ మాట అన్నవాళ్ళెవరూ జీతం పెంచలేదు మరి. ఇప్పటికీ చాలా కంపెనీల్లో అసలు డబ్బులు లెక్కపెట్టేది విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకానే. మీరు ఎక్కేటప్పుడు గుమ్మం దగ్గర నవ్వుతూ నిలబడి, మీ పెట్టె పైన పట్టకపోతే నాలుగు అరలు వెతికి, గొడవపడుతున్న ఇద్దరిని విడదీసి, గుండె జబ్బు ఉన్న పెద్దాయన ఎక్కడ కూర్చున్నాడో గుర్తుపెట్టుకుని, ఇదంతా చేసేది తలుపు మూయకముందే. ఫ్లైట్ మూడు గంటలు లేటు అయితే మీతో పాటు మేమూ అక్కడే, మీటర్ తిరగకుండా. అమెరికాలో డెల్టా 2022లో ప్రయాణికులు ఎక్కే సమయానికి సగం రేటు ఇవ్వడం మొదలుపెడితే అదే పెద్ద వార్త అయింది. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడా క్రూ పదివేల మంది సమ్మె చేసింది కూడా దీని మీదే. ప్రభుత్వం పనిలోకి వెళ్ళమని ఆదేశించినా వెళ్ళలేదు.

ఇక మొహం మాడ్చుకోవడం. మాడ్చుకుంటాం, నిజమే. తెల్లవారుజామున రెండింటికి కారు వస్తుంది, ఆ రోజు నాలుగో సెక్టార్ (అంటే నాలుగో ట్రిప్పు) అయ్యేసరికి కాళ్ళు వాచిపోతాయి, అప్పుడు ఒకాయన చిటికె వేసి "ఏయ్" అని పిలుస్తాడు.

కానీ మీకు తెలియనిది ఒకటి చెప్తా. టేకాఫ్‌కి, ల్యాండింగ్‌కి మేము జంప్ సీట్లో (తలుపు దగ్గర మాకుండే మడత సీటు) చేతులు తొడల కింద పెట్టుకుని కదలకుండా కూర్చుంటాం చూడండి, మౌనంగా ఏదో ఆలోచిస్తున్నట్టు. అది ఇంటి మీద బెంగ కాదు. నా తలుపు ఏ వైపు తిరుగుతుంది, బయట మంట కనిపిస్తే ఏం అరవాలి, నా పక్కన సాయానికి ఎవరిని పిలవాలి, మూడో వరసలో పసిబిడ్డ ఉంది, ఇలా ప్రతిసారీ మొదటి నుంచి చివరి దాకా మనసులో నడిపించుకోవాలి. దాన్ని సైలెంట్ రివ్యూ అంటారు. ట్రైనింగ్‌లో కాఫీ పోయడం మీద గడిపింది కొన్ని రోజులే, మిగతాదంతా మంటలు, పొగ, నీళ్ళలో తెప్ప, సీపీఆర్, బ్రేస్ (తల వంచి గట్టిగా పట్టుకోండి) అని గొంతు పోయేలా అరవడం. యాభై సీట్లకి ఒకరు ఉండాలి అనే రూలు పెట్టింది భోజనాల కోసం కాదండీ.

మెకానికల్_మావయ్య:
జంప్‌సీట్ అమ్మా, సరిగ్గా చెప్పావు. దానికి ఉదాహరణ 2024 జనవరి 2, టోక్యో హనేడా. జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దిగుతూనే రన్‌వే మీదున్న కోస్ట్ గార్డ్ విమానాన్ని గుద్దింది. ఆ చిన్న విమానంలో ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు, పాపం భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తున్నారు. పెద్ద విమానంలో 379 మంది, ఒక్కరు కూడా చనిపోలేదు.

విమానాలకి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు సగం తలుపులు మూసేసి 90 సెకన్లలో అందరూ దిగగలరని చూపించాలి, అది పరీక్షలో సంగతి. హనేడాలో ఎనిమిది తలుపుల్లో మూడే పనికొచ్చాయి, మిగతావాటి బయట మంట. అనౌన్స్‌మెంట్ సిస్టమ్ పని చేయలేదు, మెగాఫోన్ పట్టుకుని, అది లేనిచోట నోటితోనే అరిచారు. వెనక తలుపు దగ్గర ఉన్నవాళ్ళకి కాక్‌పిట్‌తో మాట్లాడే వీలే లేకపోయింది, కెప్టెన్ ఆదేశం కోసం ఆగకుండా బయట మంట లేదని చూసుకుని వాళ్ళే తలుపు తీశారు. ఇదీ వాళ్ళ పని. ఏ తలుపు తీయకూడదో తెలియడం తీయడం కంటే కష్టం. పద్దెనిమిది నిమిషాలకి కెప్టెన్ ఆఖరున దిగాడు, తర్వాత విమానం మొత్తం బూడిద.

ఇంకోటి, జనం పెట్టెలు వదిలేసి దిగారు. మన దగ్గర అది జరుగుతుందా అని నాకు నిజంగా అనుమానం. చక్రాలు ఆగకముందే లేచి పైన అర తెరిచే జాతి మనది.

సికింద్రాబాద్_శీను:
మావయ్యా, శంషాబాద్‌లో దిగగానే టపటపా బెల్టులు ఊడే చప్పుడు గుర్తొచ్చింది 😀

నిజం_నిష్ఠూరం:
హనేడా గురించి చదివాను, అది పక్కా ట్రైనింగ్ అని ఒప్పుకుంటా. అయితే నా మాట అక్కడే ఉంది, ట్రైనింగ్‌కీ జీతానికీ విలువ ఇద్దాం, దేవతల్ని చేయొద్దు. దేవతల్ని చేస్తే జీతం అడగడానికి వీలుండదు. అంగన్‌వాడీ టీచర్ల విషయంలో చూశాం కదా, "సేవ" అని పొగిడి పొగిడి గౌరవ వేతనం చేతిలో పెట్టారు.

పాత_జంప్‌సీట్:
ఈ ముక్క మాత్రం ఫ్రేమ్ కట్టించుకుంటా.

రాజంపేట_రెడ్డి:
నాది వేరే కథ. 1990లో నేను కువైట్‌లో డ్రైవర్. మా కడప జిల్లా వాళ్ళం, కోనసీమ వాళ్ళం అప్పటికే అక్కడ చాలామంది ఉన్నాం. ఆగస్టు 2న ఇరాక్ వచ్చి పడింది. సేఠ్‌లు పారిపోయారు, జీతం లేదు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో తెలీదు. బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్, అక్కడ ఎడారిలో డేరాలు, ఆపైన అమ్మాన్ ఎయిర్‌పోర్టు. ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 ట్రిప్పులు తిప్పి లక్ష మందికి పైగా మనుషుల్ని బొంబాయి చేర్చింది. ఈ లెక్కలన్నీ తర్వాత పేపర్లో చదివినవే, అప్పుడు మాకు తెలిసింది ఆకలి ఒక్కటే.

విమానం ఎక్కేసరికి మా బట్టలు ఎలా ఉన్నాయో, ఎంత కంపు కొడుతున్నామో మాకే తెలుసు. సామాన్యంగా గల్ఫ్ ఫ్లైట్లలో మమ్మల్ని చూసే చూపు ఒకటి ఉంటుంది, గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళకి అర్థమవుతుంది. ఆ రోజు ఆ చూపు లేదు. ఒక పెద్దామె, మా అక్క వయసు ఉంటుంది, చీర కొంగు దోపుకుని ప్రతి వరస దగ్గరా ఆగి భోజనం రెండోసారి పెట్టింది. అడగకుండానే. నా పక్కన కూర్చున్న కుర్రాడు ఏడుస్తుంటే, భాష రాకపోయినా వాడి భుజం మీద చెయ్యి వేసి కాసేపు అక్కడే కూర్చుంది. ఆమె పేరేంటో తెలీదు. బొంబాయి నుంచి రైల్లో కడప వచ్చేదాకా ఆమె ఇచ్చిన బ్రెడ్ ప్యాకెట్టే మాకు తిండి.

నిష్ఠూరం సారూ, జీతం తీసుకునే చేసింది, నిజమే. కానీ రెండోసారి పెట్టమని ఏ జీతంలోనూ రాసి ఉండదు.

కాకినాడ_కబుర్లు:
రెడ్డి గారూ 🙏 ఇలాంటిదే 2020లో మళ్ళీ జరిగింది. వూహాన్‌కి ఎయిర్ ఇండియా రెండు జంబోలు వెళ్ళి ఆరొందల మందికి పైగా తెచ్చాయి, తిరుపతి ఫ్యాక్టరీ కోసం ట్రైనింగ్‌కి వెళ్ళిన మన ఇంజనీర్లు కూడా వాళ్ళలో ఉన్నారు. అప్పటికి ఆ వైరస్ ఏంటో డాక్టర్లకే పూర్తిగా తెలీదు.

డాలస్_దుర్గ:
నేను ఉండేది గ్రేప్‌వైన్ దగ్గర, డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్ వర్త్) ఎయిర్‌పోర్టు పక్కనే. ఇక్కడ 9/11 ఫ్లైట్ క్రూ మెమోరియల్ ఉంది, 2008 జులై 4న ఆవిష్కరించారు. ఆ రోజు నాలుగు విమానాల్లో పోయిన 33 మంది సిబ్బంది పేర్లు చెక్కారు, వాళ్ళలో 25 మంది ఫ్లైట్ అటెండెంట్లే. ఇండియా నుంచి అమ్మావాళ్ళు వస్తే అవుట్‌లెట్ మాల్‌కి తీసుకెళ్తాం గానీ ఇక్కడికి ఎవరూ రారు.

బెట్టీ ఆంగ్ గురించి వినకపోతే తెలుసుకోండి. ఆ రోజు హైజాక్ అయిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 11లో అటెండెంట్, వెనక జంప్ సీట్లో కూర్చుని కంపెనీ రిజర్వేషన్ ఆఫీసుకి ఫోన్ చేసింది. మొదట అవతలివాళ్ళకి అర్థమే కాలేదు, మీ సీటు నంబరెంత అని అడుగుతున్నారు. ఆమె గొంతు పెంచకుండా దాదాపు 25 నిమిషాలు చెప్తూనే ఉంది, కాక్‌పిట్ ఫోన్ ఎత్తట్లేదు, ముందు క్యాబిన్లో పొడిచారు, ఊపిరి ఆడట్లేదు అని. అదే విమానంలో ఎమీ స్వీనీ అనే ఇంకో అటెండెంట్ వేరే ఫోన్లో హైజాకర్ల సీటు నంబర్లు చెప్పింది. వాళ్ళెవరో అధికారులు అంత తొందరగా కనిపెట్టడానికి అవి పనికొచ్చాయి. బెట్టీ ఫోన్ రికార్డింగ్ తర్వాత విచారణ కమిషన్ ముందు వినిపించారు.

ఇంకోటి, దీన్ని ఎవరూ తలచుకోరు. విమానాల్లో సిగరెట్ ఆగింది కూడా వీళ్ళ పోరాటంతోనే. ఏళ్ళ తరబడి పొగ గదిలో పని చేసి, ఒక్క సిగరెట్ తాగకుండా ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చుకున్న నోర్మా బ్రోయిన్ పేరుతో 1991లో సిగరెట్ కంపెనీల మీద కేసు వేశారు. 1997లో 30 కోట్ల డాలర్లతో రాజీ కుదిరింది, ఆ డబ్బు పరిశోధనకి వెళ్ళింది. ఇవాళ మన పిల్లలు విమానంలో దగ్గకుండా కూర్చుంటున్నారంటే అందులో వాళ్ళ వాటా ఉంది.

లాపాయింటు:
పోరాటం అంటే మన దేశంలోదీ చెప్పుకోవాలి. ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్‌లకి ఒకప్పుడున్న రూలు చదివితే నవ్వాలో ఏడవాలో తెలీదు. 35 ఏళ్ళకి రిటైర్, లేదా చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం ఊస్ట్, లేదా మొదటిసారి గర్భం రాగానే ఊస్ట్, వీటిలో ఏది ముందొస్తే అది. 35 దాటాక ఉంచాలా వద్దా అనేది మేనేజింగ్ డైరెక్టర్ గారి ఇష్టం. మగ పర్సర్లకి ఇవేమీ లేవు. నర్గేష్ మీర్జా, ఇంకొందరు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1981 తీర్పులో గర్భం రూలునీ, ఆ ఎండీ గారి ఇష్టారాజ్యాన్నీ కొట్టేశారు. నాలుగేళ్ళ పెళ్ళి నిషేధాన్ని మాత్రం ఉంచేశారు, అది సబబే అన్నారు! మా లా కాలేజీలో సమానత్వం పాఠంలో ఈ కేసు చదివి పాసైపోయాం గానీ, ఆ రూలు కింద బతికిన మనుషుల గురించి ఎవరం ఆలోచించలేదు.

విశాఖ_అమ్మ:
ఈ సైట్‌లో చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా అమ్మాయి క్యాబిన్ క్రూ. చేరతానన్నప్పుడు మా ఆడపడుచు "బీటెక్ చదివించి ట్రాలీ తోయిస్తారా వదినా, రేపు సంబంధాలు ఎలా వస్తాయి" అంది. వచ్చిన సంబంధాల్లో ఒకాయన "పెళ్ళయ్యాక మానిపిస్తారు కదా" అని అడిగాడు, దాని పొట్టి స్కర్టు ఫోటో ఫోన్లో చూస్తూనే.

2025 జూన్ 12న అహ్మదాబాద్ విమాన ప్రమాదం వార్త టీవీలో వచ్చినప్పుడు అది డ్యూటీలో ఉంది. వేరే కంపెనీ, వేరే ఊరు, అని తెలుసు. తెలిసినా ఫోన్ కలిసేదాకా నాకు కాళ్ళు ఆడలేదు. 242 మందిలో ఒక్కడే బతికాడు. క్యాబిన్ క్రూ పదిమందీ పోయారు, పిల్లలే అందరూ దాదాపు. సాయంత్రం మాట్లాడితే ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే జడ చుట్టుకుని, లిప్‌స్టిక్ వేసుకుని మళ్ళీ వెళ్ళింది. ఆ రోజు ప్రతి ప్రయాణికుడూ భయంతో ఎక్కుతుంటే, గుమ్మం దగ్గర నిలబడి నవ్వాల్సింది అదే కదా.

పొగడకపోయినా ఫర్వాలేదు. పిల్లని చూసి చిటికె వేయకండి, అంతే.

మెకానికల్_మావయ్య:
అమ్మా, మీ అమ్మాయికి మా ఆశీస్సులు చెప్పండి.

బార్బరా జేన్ హారిసన్ అని ఒక అటెండెంట్ ఉండేది, ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. 1968 ఏప్రిల్ 8, లండన్ హీత్రో. బీఓఏసీ అనే బ్రిటిష్ కంపెనీ 707 విమానం లేవగానే ఇంజను అంటుకుని ఊడి పడిపోయింది, అదే మంటతో వెనక్కి తిప్పి దించారు. వెనక తలుపు దగ్గర స్లైడ్ మెలిక పడితే దాన్ని సరిచేయడానికి తోటి స్టీవర్డ్ కిందికి దిగాడు, మళ్ళీ పైకి రాలేకపోయాడు. ఇక ఆ తలుపు దగ్గర ఆమె ఒక్కతే. స్లైడ్ కాలిపోయాక కూడా జనాన్ని దూకమని తోస్తూనే ఉంది. తనూ దూకేలా కనిపించి, మళ్ళీ లోపలికి తిరిగింది. 127 మందిలో ఐదుగురు చనిపోయారు, ఐదో మనిషి ఆమె. వయసు 22. బ్రిటన్ జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చింది. నీరజ, ఈమె, ఇద్దరిదీ ఒకటే వయసు.

అలాగే 1988లో హవాయిలో అలోహా 243, పైకప్పు ఎగిరిపోయిన విమానం. చనిపోయింది ఒక్కరే, ఐదో వరస దగ్గర నిలబడ్డ అటెండెంట్ క్లారబెల్ లాన్సింగ్, 37 ఏళ్ళ సర్వీసు. గాయపడ్డ ఇంకో అటెండెంట్ ఆ గాలిలో నేల మీద పాకుతూ వరస వరసకీ వెళ్ళి ప్రయాణికులకి ధైర్యం చెప్పింది. అందరం బెల్టు పెట్టుకుని కూర్చుంటే నిలబడి ఉండేది వాళ్ళొక్కరే, టర్బులెన్స్‌లో ఎముకలు విరిగేవాళ్ళలో ఎక్కువ మంది క్రూనే కావడానికి కారణం అదే.

నిజం_నిష్ఠూరం:
విశాఖ అమ్మ గారూ, చిటికె వేసేవాళ్ళ జాబితాలో నేను లేను లెండి, నోటితోనే పిలుస్తా. "త్యాగం" మీద నా అభిప్రాయం మారలేదు, కానీ ఎక్కేటప్పటి జీతం సంగతి మాత్రం మన దగ్గర ఎవరైనా పిటిషన్ పెడితే సంతకం చేస్తా.

కాకినాడ_కబుర్లు:
అది చాలు సార్. జంప్‌సీట్ అక్కా, ఆఖరు ప్రశ్న. వచ్చే వారం ఫ్లైట్ ఉంది. థాంక్స్ చెప్పడానికి క్రూకి ఏమైనా ఇవ్వొచ్చా? తీసుకుంటారా, రూల్స్ ఒప్పుకోవా?

పాత_జంప్‌సీట్:
కంపెనీని బట్టి ఉంటుంది తమ్ముడూ. డబ్బులు మాత్రం ఎప్పుడూ ఇవ్వకు. సీల్ ఉన్న చాక్లెట్ ప్యాకెట్ అయితే ఎక్కేటప్పుడే ముందు గుమ్మంలో ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్, గ్యాలీలో (విమానంలో వంటగది లాంటిది) అందరూ పంచుకుంటారు. ఇంకా మంచిది కావాలంటే, సేఫ్టీ డెమో అప్పుడు ఫోన్ పక్కన పెట్టి తలెత్తి చూడు, చూసేవాళ్ళు ఎవరో మాకు ఎప్పుడూ గుర్తుంటారు, ఎమర్జెన్సీ వస్తే సాయానికి మొదట పిలిచేది వాళ్ళనే. దిగాక కంపెనీ సైట్‌లో ఫ్లైట్ నంబరు, బ్యాడ్జి మీద పేరు రాసి రెండు మంచి ముక్కలు పెట్టు. తిట్లు రాసేవాళ్ళే గానీ అది రాసేవాళ్ళు లేరు, అప్రైజల్‌లో నిజంగా పనికొస్తుంది.

సికింద్రాబాద్_శీను:
ఆత్రేయపురం పూతరేకులు ఇవ్వొచ్చా అక్కా?

పాత_జంప్‌సీట్:
వద్దు నాయనా, నేవీ బ్లూ యూనిఫాం మీద ఆ పొడి పడితే ఢిల్లీ దాకా దులుపుకోవాలి. కాజాలు తే. సీల్ చేయించి.